పెరటిలోని అడవి

తిరుపతి నుండి తిరుమలకు కాలినడకన వెళ్లినవారు అలిపిరి మెట్ల దారికి ఇరువైపుల వ్యాపించియున్న అడవిని చూచియే యుందురు. ఆ అడవిని దున్నినవారు లేరు. అందు విత్తనము చల్లినవారు లేరు. ఎరువు వేసినవారు గాని, నీరు పెట్టినవారు గాని లేరు. అయినను అది ఏటేట చిగిర్చుచున్నది, పూచుచున్నది, కాచుచున్నది. నేరేడు, ఉసిరి, రేగు మున్నగు ఫలములతో పక్షులను, మృగములను పోషించుచున్నది. కొండ దిగి పల్లెలలోనికి వచ్చి చూతము. అక్కడ రైతు నేలను దున్ని, విత్తి, ఎరువు వేసి, వందల అడుగుల లోతు నుండి నీరు తోడి పారించుచున్నాడు. అయినను వాన ఒక్క నెల వెనుకాడినచో పైరు వాడిపోవుచున్నది. ఎండ ఒక్కటే, వాన ఒక్కటే. మరి ఈ భేదమునకు కారణమేమి?

ఈ ప్రశ్న కేవలము పండితులు చర్చించుకొనవలసినది కాదు. మన సీమకు ఇది బ్రతుకు ప్రశ్న. 1911లో ఏర్పడిన పాత చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన విభజింపబడినది. పేర్లు మారినను నేల మారలేదు, వాన మారలేదు. ఈ ప్రాంతమున సంవత్సరమునకు సగటున సుమారు 900 మిల్లీమీటర్ల వాన కురియును. అందులో కొంత నైరృతి ఋతుపవనములచేతను, కొంత ఈశాన్య ఋతుపవనములచేతను లభించును. తూర్పున శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు వాన ఎక్కువ; పడమట మదనపల్లె, తంబళ్లపల్లె వైపు తక్కువ. స్వర్ణముఖి, బాహుద, పాపాఘ్ని మొదలగు ఏరులు కలవు గాని, ఏడాది పొడవున పారు జీవనది ఒక్కటియు లేదు. వాన కొలది దినములలోనే కుండపోతగా కురిసి, ఎర్రమట్టిని కోసికొని, వాగులవెంట పరుగులెత్తి పోవును. కావున నీరు వచ్చుట కంటె, వచ్చిన నీరు నిలుచుటయే మనకు ముఖ్యము.

నీటిని నిలుపు విద్య అడవికి తెలియును. శేషాచలపు అడవులలో చెట్ల క్రింద నేల ఎచ్చటను బోడిగా ఉండదు. రాలిన ఆకులు, ఎండిన పుల్లలు, పూలు, కాయల తొక్కలు ఒక దానిపై ఒకటి పడి పరుపువలె పరచుకొనియుండును. పై ఆకులు ఎండి గలగలలాడుచున్నను, వానలు నిలిచిన పిమ్మట చాల దినముల వరకు అడుగు పొర చెమ్మగా ఉండును. అచ్చట వానపాములు, చెదలు, బూజు జాతులు, కంటికి కానరాని సూక్ష్మజీవులు రేయింబవళ్లు పనిచేసి ఆకును మెత్తని నల్లమట్టిగా మార్చుచుండును. ఈ మట్టి స్పంజివలె నీటిని పీల్చుకొని, మెల్లమెల్లగా వేళ్లకు అందించును. వానచినుకు ముందు కొమ్మలపై, తరువాత ఆకుల పరుపుపై పడును గనుక మట్టి కొట్టుకొనిపోదు. ఎండ నేలకు సూటిగా తగులదు గనుక చెమ్మ ఆవిరియై పోదు. అడవికి ఎరువు, దుప్పటి, నీటితొట్టి, మూడును ఆ రాలిన ఆకులే.

అడవి యందలి రెండవ విశేషము దాని కట్టడము. అది అంతస్తులు గల మేడవంటిది. అన్నిటి కంటె పైన ఎత్తైన వృక్షములు, వాని నీడలో చిన్న చెట్లు, చెట్ల నడుమ పొదలు, పొదల క్రింద మెత్తని కాడలు గల మొక్కలు, నేలను అంటి ప్రాకు తీగలు, నేలలోపల దుంపలు, ఈ అంతస్తులన్నిటిని కలుపుచు పైకెగబ్రాకు లతలు. పై అంతస్తు వదలిన వెలుతురును క్రింది అంతస్తు అందుకొనును. కొన్నింటి వేళ్లు లోతునకు పోవును. కొన్నింటి వేళ్లు పైపైననే పరచుకొనును. కావున ఒకే జానెడు మట్టికై అన్నియు పోరాడుకొనవలసిన పని లేదు.

ఇంతేకాదు. ఒకటి మరియొకదానికి మేలు చేయును. కంది, చిక్కుడు, అనప, అవిసె మొదలగు జాతుల వేళ్లపై చిన్న చిన్న బుడిపెలు కానవచ్చును. వానియందు నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు ఆహారముగా మార్చును. గాలిలో నూటికి 78 వంతులు నత్రజనియే అయినను మొక్కలు దానిని సూటిగా తీసికొనలేవు. ఈ బుడిపెల మూలమున అది వానికి లభించును. ఆ మొక్క ఆకులు రాలి కుళ్లినప్పుడు దాని ఇరుగుపొరుగులకును లభించును. పూల కొరకు వచ్చు తేనెటీగలు కాయలు కట్టుటకు తోడ్పడును. పురుగులను తిను పక్షులు, తూనీగలు, సాలీళ్లు అచ్చటనే కాపురముండును. ఒకే జాతి మొక్క ఎకరముల కొలది ఉన్నచోట ఒక పురుగు పుట్టినచో దానికి పండుగ. పలుజాతులు కలిసియున్నచోట ఆ పురుగునకు తన ఆహారము వెదకికొనుటయే కష్టము.

అడవియందలి ఈ ధర్మములను గ్రహించి, మనకు కావలసిన పండ్లు, కూరలు, దుంపలు, ఆకులు ఇచ్చు మొక్కలతో అట్టి కట్టడమునే ఇంటి వెనుక నిర్మించుకొనినచో దానిని ఆహారవనము అని పిలువవచ్చును. 1978లో ఆస్ట్రేలియా దేశమున బిల్ మాలిసన్, ఆయన విద్యార్థి డేవిడ్ హోమ్‌గ్రెన్ అనువారు ఈ ధర్మములను ఒక గ్రంథమున వివరించి, ఆ విధానమునకు పర్మాకల్చర్ అని పేరు పెట్టిరి. శాశ్వతమైన వ్యవసాయము అని దాని భావము. ఇంగ్లండు దేశమున రాబర్ట్ హార్ట్ అనునాతడు తన చిన్న తోటలో ఇట్టి వనమును పెంచి, అందు ఏడు అంతస్తులను లెక్కించి చూపెను.

పేరు క్రొత్తదే గాని పని క్రొత్తది కాదు. ఆఫ్రికాలో కిలిమంజారో పర్వత సానువులపై చగ్గా జాతివారు పెద్ద చెట్ల నీడలో అరటిని, అరటి నీడలో కాఫీని, దాని క్రింద దుంపలను తరతరములుగా పెంచుచున్నారు. జావా ద్వీపమునను, సింహళమునను, మన కేరళమునను ఇంటిచుట్టు ఇట్టి తోటలే కలవు. మన తాతముత్తాతల పెరడును ఇట్టిదే.

మా అవ్వగారి ఇంటి పెరడు నాకు ఇప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. అది మూడు సెంట్ల స్థలము. పడమటి గోడ ప్రక్కన ఒక మామిడి. దాని కావల వేప. స్నానపు నీరు పారుచోట రెండు అరటి పిలకలు. వాని క్రింద చేమదుంపలు. అంట్లు తోము రాతిబండ ప్రక్కన కరివేప చెట్టు, మునగ చెట్టు. మునగ మ్రానుపైకి చిక్కుడు తీగ. కొట్టము కప్పుపైకి సొర, గుమ్మడి పాదులు. ఒక మూల జామ, నిమ్మ. ఎచ్చట ఒక చేరెడు చోటు మిగిలినను అచ్చట వంగ, మిరప, తోటకూర. పండుగనాడు తప్ప మా అవ్వ కూరగాయలు కొనుటకు సంతకు పోయినట్లు నేనెరుగను. రాగిసంకటిలోనికి ఆమె పెరటి నుండి ఏదో యొక ఆకు కోసికొని వచ్చెడిది. ఆమెకు చదువు రాదు. పర్మాకల్చర్ అను మాట ఆమె విని యుండలేదు. కాని ఇంటిలో వాడిన నీరు ఒక్క చుక్కయు వీధిలోనికి పోరాదనియు, పెరటిలో రాలిన ఆకు ఒక్కటియు బయటికి పోరాదనియు ఆమె నియమము.

చేలలో సయితము అదే నీతి ఉండెను. రాగి చేనిలో అనప సాళ్లు, వేరుసెనగలో కంది సాళ్లు, గట్లపై ఆముదము వేయుట మన మెట్టరైతుల అలవాటు. వాన ముందు వచ్చిన నొక పంట, వెనుక వచ్చిన నొక పంట చేతికి వచ్చును. అన్నియు ఒక్కమారే పోవుట అరుదు.

ఆ పెరడు ఇప్పుడు మన పల్లెలలో అరుదైపోయినది. ఇండ్లు పెద్దవైనవి, పెరడులు సిమెంటు గచ్చులైనవి. వాడిన నీరు కాలువలో పడి దోమలకు నిలయమగుచున్నది. రాలిన ఆకు చెత్తయను పేరు పొంది అగ్గిపాలగుచున్నది. చేలలోను ఒకే పంటకు అలవాటు పడితిమి. చిత్తూరు ప్రాంతము తోతాపురి మామిడికి, దాని గుజ్జు తయారుచేయు కర్మాగారములకు ప్రసిద్ధి. మామిడి మంచి పంటయే. ఎన్నో కుటుంబములకు అది అన్నము పెట్టినది. కాని 2025వ సంవత్సరమున కాపు విరివిగా వచ్చి, ధర పడిపోయి, కోసిన కాయను కొనువారు లేక రైతులు అల్లాడిపోయిరి. ప్రభుత్వము కిలోకు 4 రూపాయల చొప్పున రైతునకు సహాయము ప్రకటింపవలసి వచ్చినది. తోట నిండ మామిడి పండియుండగా, ఆ ఇంటివారే పప్పునకు, కూరకు, ఆకునకు అంగడిపై ఆధారపడిరి. ఒకే చెట్టును నమ్ముకొన్న ఇల్లు ఒకే ధరను నమ్ముకొన్న ఇల్లగును. మామిడిని కొట్టివేయవలెనని దీని భావము కాదు. మామిడి నడుమ, గట్లపైన, ఇంటివెనుక మరికొన్నింటికి చోటు ఇయ్యవలెనని భావము.

ఈ సత్యమును నేను గ్రంథములు చదివి తెలిసికొనలేదు. నా తప్పు వలన తెలిసికొంటిని. నేను ప్రధానోపాధ్యాయుడనుగా ఉన్న ఒక పాఠశాల ఆవరణలో నాలుగు వేపచెట్లు, రెండు కానుగలు ఉండెను. పరిశుభ్రతయందు నాకు పట్టుదల ఎక్కువ. ప్రతిదినము ఉదయమున రాలిన ఆకులనన్నిటిని ఊడిపించి, ఒక మూల కుప్పవేయించి, తగులబెట్టించువాడను. ఆకుల క్రింద తేళ్లు చేరునను భయము కూడ ఉండెను. ఏటేట వానకాలమున 20 మొక్కలు నాటించువాడను. మరుసటి వేసవి ముగియునప్పటికి రెండో మూడో మిగులును. మూడేండ్లు ఇట్లు జరిగెను. తప్పు మేకలదని ఒకమారు, ఎండలదని ఒకమారు, పిల్లల అశ్రద్ధయని ఒకమారు అనుకొంటిని గాని, నాదని ఒక్కమారును అనుకొనలేదు.

మధ్యాహ్న భోజనము వండు వృద్ధురాలు ఒకతె ఆ మంటను చూచుచు ఒకనాడు నాతో ఇట్లనెను: "అయ్యవారూ, చెట్టు తన బిడ్డలకు పరిచిన పక్కను మీరు దినమూ కాల్పిస్తా ఉంటే, ఆ బిడ్డలు ఎట్ల బతుకుతారు?"

నాకు మొదట కోపము వచ్చెను. పిదప సిగ్గు కలిగెను. వేపచెట్ల క్రింద నేల రాయివలె గట్టిపడియుండుట నేను దినదినము చూచుచునే యుంటిని. ఆ ఏడు మంట మాన్పించితిని. గుమ్మములకు, నడకదారులకు దగ్గరనున్న ఆకులను మాత్రము ఊడిపించి, మొక్కల పాదులలో జానెడు మందమున పరపించితిని. పిల్లలు చేతులు, పళ్లెములు కడుగుకొను నీటిని ఒక చిన్న కాలువ త్రవ్వి పాదులకు మళ్లించితిమి. ఆ వృద్ధురాలు ఎచ్చటనుండియో మునగ కొమ్మలు, అరటి పిలకలు తెచ్చి ఆ కాలువగట్టున నాటెను. మరుసటి వేసవికి 20 మొక్కలలో 14 నిలిచెను. రెండవ ఏట ఆమె మా పప్పులో మా మునగాకునే వేసెను. ఆనాటి వరకు పళ్లెములో ఆకును ఏరిపారవేయుచుండిన పిల్లలు, తాము నీరు మళ్లించిన చెట్టు ఆకు గనుక దానిని మారడిగి తినిరి.

బాలలారా! మీ ఇంటి వెనుక ఇట్టి వనమును ఎట్లు పెంచవలెనో ఇప్పుడు తెలిసికొందము. మొట్టమొదట చేయవలసినది నాటుట కాదు, చూచుట. ఒక వానదినమున పెరటిలో నిలిచి నీరు ఎచ్చటనుండి వచ్చి ఎచ్చటికి పోవుచున్నదో గమనింపుడు. ఒక ఎండదినమున ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము నీడ ఎచ్చట పడుచున్నదో గీతలు గీసి చూడుడు. గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో కనిపెట్టుడు. ఈ మూడును తెలిసినచో ఏ మొక్కను ఎచ్చట నాటవలెనో పెరడే మీకు చెప్పును.

తరువాత నీటిలెక్క వేయుడు. ఒక చదరపు మీటరు స్థలముపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది సరిగా ఒక లీటరు నీరగును. మీ ఇంటి కప్పు 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు కలదనుకొందము. అది 80 చదరపు మీటర్లు. సంవత్సరమునకు 900 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఆ కప్పుపై పడు నీరు 72,000 లీటర్లు. 15 లీటర్ల బిందెతో కొలిచినచో 4,800 బిందెలు! అందులో కొంత ఆవిరియైపోయినను మిగిలినది తక్కువ కాదు. ఇదిగాక ఇంటిలో స్నానమునకు, అంట్లకు దినమునకు 100 లీటర్లు వాడినచో ఏడాదికి 36,500 లీటర్లు. నీరు లేదని మనము అనుకొను ఇంటినుండియే ఇంత నీరు వీధిపాలగుచున్నది. వాననీటిని వాలునకు అడ్డముగా మోకాలిలోతు కందకము త్రవ్వి నిలుపుడు. త్రవ్విన మట్టిని క్రిందివైపు గట్టుగా పోయుడు. ఆ గట్టుపై చెట్లను నాటుడు. కందకము గోడల పునాదులకు దూరముగా ఉండవలెను. స్నానపు నీటిని అరటి, చేమ ఉన్నచోటికి పారింపుడు. సబ్బు మితముగా వాడినచో అవి దానిని సహించును. ఆ నీరు ఎచ్చటను మడుగుకట్టరాదు, ఇంకిపోవలెను. ఆకుకూరలపై ఆ నీటిని పోయరాదు.

ఇక నాటుట. మూడు సెంట్ల పెరటికి పెద్ద చెట్టు ఒక్కటి చాలును. మన ఎండ మధ్యాహ్నము పడమటినుండియే తీవ్రముగా వచ్చును గనుక మామిడినో, వేపనో పడమటి వైపున, గోడకు తగినంత దూరమున నాటవలెను. నడుమ జామ, సీతాఫలము, నిమ్మ, ఉసిరి, మునగ, కరివేప. వాని మధ్య కంది, వంగ, మిరప, బెండ. పందిరిపైకి చిక్కుడు, కాకర, బీర, పొట్ల. నీడపట్టున పసుపు, అల్లము, చేమ, కంద. ఎండ తగులుచోట నేలపై గెనుసుగడ్డ తీగ, గుమ్మడి. తూర్పువైపు ఉదయపుటెండ సోకునట్లు ఆకుకూరలకు చోటు విడువవలెను.

ఒక హెచ్చరిక. కేరళమువంటి వానసీమలలో మొక్కలు వెలుతురు కొరకు పోటీపడును. మన సీమలో నీటి కొరకు పోటీపడును. కావున అక్కడివలె క్రిక్కిరిసి నాటరాదు. చెట్లు పెద్దవైన పిదప వాని కొమ్మలు ఒకదానికొకటి తగులునో లేదో అన్నంత ఎడము ఉండవలెను. ఎదిగిన కొమ్మలను ఏటేట కత్తిరించి అచ్చటనే నేలపై పరచవలెను. నీడ పలుచనగును, నేలకు దుప్పటి దొరకును.

నాటిన దినమునుండియే నేలను కప్పుడు. ఎండుటాకులు, వేరుసెనగ పొట్టు, చెరకు ఆకు, కొబ్బరి పీచు, ఏది దొరికిన నది. మొక్క కాండమునకు తగులకుండ కొంచెము ఎడముగా పరచవలెను. లేనిచో కాండము కుళ్లును. ఆకుల పరుపు ఇంటి గడపకు చేరువగా ఉండరాదు. పెరటిలో పనిచేయునపుడు కాళ్లకు చెప్పులుండవలెను. ఆకులను చేతితో గాక కర్రతో కదల్పవలెను. తేళ్ల భయమునకు ఇదియే విరుగుడు గాని మంట కాదు.

మొదటి రెండు మూడు వేసవులు మొక్కలకు నీరు తప్పదు. అప్పుడు మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి, మూత పెట్టుడు. కుండ గోడలగుండ నీరు చెమ్మగా ఊరి వేళ్లకు చేరును. బిందెతో పోసిన నీటిలో చాల భాగము ఎండకు పోవును. కుండనీరు అట్లు పోదు. వేళ్లు లోతునకు దిగిన పిదప చెట్టు తన నీటిని తానే వెదకికొనును.

ఫలము అన్నియు ఒకనాడే రాదు. ఆకుకూరలు నెలలోపల వచ్చును. చిక్కుడు, కాకర కొలది నెలలలో కాచును. బొప్పాయి, అరటి సుమారు ఏడాదికి చేతికి వచ్చును. జామ రెండు మూడేండ్లకు, మామిడి అంటు నాలుగైదేండ్లకు, గింజ నాటిన చింత పదియేండ్లకో ఆ పైననో కాచును. తొందరపడు వానికి ఆకుకూర, ఓర్పుగలవానికి మామిడి, మనుమల మేలు కోరువానికి చింత. ఒకే పెరటిలో ముగ్గురికిని చోటు కలదు.

ఒక ఇంటి పని ఊరి పనియైనప్పుడు ఎంతటి మార్పు వచ్చునో చూచుటకు దూరము పోనక్కరలేదు. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ కలదు. 1895లో మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిగారి ప్రేరణచే 1926లో అచ్చటి విద్యాసంస్థకు పునాది పడెను. ఆ లోయ అప్పుడు చెట్లు తక్కువై, బండలు తేలి, కరవునకు ఆలవాలమై ఉండెను. ఉపాధ్యాయులు, విద్యార్థులు, పనివారు దశాబ్దముల తరబడి మొక్కలు నాటిరి. వాననీరు ఇంకునట్లు ఊటకుంటలు, అడ్డుకట్టలు నిర్మించిరి. మేతను అదుపులో పెట్టిరి. లోయ మెల్లగా పచ్చబడెను. చెట్లు పెరిగిన కొలది పక్షులు వచ్చి చేరెను. 1991లో ఆ లోయ పక్షి సంరక్షణ స్థలముగా ప్రకటింపబడినది. దక్షిణ భారతమునందలి రాతికొండలలో మాత్రమే కనిపించు పసుపు గొంతు పికిలిపిట్ట అచ్చట కానవచ్చును. విద్యార్థుల చేతులతో నాటిన మొక్కలు అడవికి దారితీయుట మన కండ్లయెదుట జరిగిన సంగతి.

తెలంగాణమున జహీరాబాదు ప్రాంతమందలి బిడకన్నె గ్రామమున కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు అరణ్య అను సంస్థ ద్వారా మెట్టనేలలో ఇట్టి వనమును పెంచి, పలువురు రైతులకు నేర్పిరి. 2017 నవంబరులో ప్రపంచపు పలుదేశముల పర్మాకల్చర్ అభ్యాసకులు హైదరాబాదులో సమావేశమై, పిదప ఆ పొలమునకు వచ్చి నేర్చుకొనిరి. మన ఆంధ్రప్రదేశమున 2016 నుండి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యమున ప్రకృతి వ్యవసాయము గ్రామగ్రామమున వ్యాపించుచున్నది. ఏడాది పొడవున నేల పచ్చగా కప్పబడియుండవలెననుట, పలు పంటలు కలిపి వేయవలెననుట దాని మూలసూత్రములు. వానలకు ముందే పొడినేలలో పలురకముల విత్తనములను చల్లి నేలను కప్పు పద్ధతిని వారు మెట్టరైతులకు నేర్పుచున్నారు. 2024లో ఈ ఉద్యమమునకు పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానములో భాగము లభించెను. అవ్వగారి పెరటినీతిని ప్రపంచము గౌరవించినదని మనము సంతోషింపవచ్చును.

మీలో పెరడు లేనివారును ఉందురు. పాఠశాల ఆవరణ అందరి పెరడు. చెరువుగట్టు, గుడిచుట్టునున్న ఖాళీస్థలము, అంగనవాడి ముంగిలి కూడ అట్టివే. పదిమంది కలిసి అచ్చట నాటినచో ఫలమును పదిమంది పంచుకొందురు. కాని ఒక నియమము ముందుగానే ఏర్పరచుకొనవలెను: ఎవరి వంతు ఏ దినమున నీరు పోయుట, కాయను ఎవరు ఎప్పుడు కోయుట. చెట్టు పెంచుట కంటె ఈ ఒప్పందమును నిలుపుకొనుట కష్టము. అది నిలిచిన ఊళ్లలో వనము నిలుచును.

ఇదంతయు నిజమా అని మీకు సందేహము కలిగినచో ఒక చిన్న పరీక్ష చేసి చూడుడు. ఒకే పరిమాణము గల రెండు కుండలలో ఒకే మట్టి నింపి, ఒకే కొలత నీరు పోయుడు. ఒకదానిపై ఎండుటాకులు జానెడు మందమున పరచుడు. రెండవదానిని అట్లే విడువుడు. రెండింటిని ఎండలో ఉంచి, దినమునకొకమారు వ్రేలు గ్రుచ్చి చూడుడు. ఏ కుండలో చెమ్మ ఎన్ని దినములు నిలిచెనో వ్రాసికొనుడు. ఆ లెక్క మీకు ఈ పాఠము కంటె బాగుగా బోధించును.

నేను పదవి విరమించి కొన్ని సంవత్సరములైనది. అప్పుడప్పుడు ఆ పాఠశాలకు వెళ్లుచుందును. ఆ వృద్ధురాలు ఇప్పుడు లేదు. ఆమె నాటిన మునగ ఒకమారు గాలికి విరిగిపడి, మరల మొదటినుండి చిగిర్చినది. దాని క్రింద ఆకులు జానెడు మందమున పరచుకొనియున్నవి. వానిని ఎవరును కాల్చుట లేదు. పాదులో వ్రేలు గ్రుచ్చి చూచితిని. చెమ్మగా ఉన్నది.